ముగ్గురు కృష్ణులు, ఒకే పద్యం

కృష్ణరాయబారం ఆడించాలంటే మన వైపు ఒక కృష్ణుడు చాలడు, ముగ్గురు కావాలి. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు ఇంకొకరు, తెల్లవారుజామున యుద్ధభూమికి మరొకరు. తెర పడి లేచేసరికి దేవుడి ఒడ్డూ పొడుగూ మారిపోతాయి, గొంతు మారిపోతుంది, పద్యం ఎత్తుకునే తీరు మారిపోతుంది. పందిట్లో చాపలు పరుచుకుని కూర్చున్న జనానికి అది కొంచెమైనా ఎబ్బెట్టుగా తోచదు. నిజానికి ఆ పోలికే వాళ్లకు ఆ రాత్రి దొరికే విందు. మొదటి కృష్ణుడి కంటే రెండో ఆయన రాగం బాగా తీశాడా, మూడో ఆయన మాట విడమరిచి పలికాడా అన్నది మర్నాడు టీకొట్టు దగ్గర పొద్దెక్కేదాకా తేలదు. కథ అందరికీ తెలుసు. పద్యాలు చాలామందికి కంఠతా వచ్చు. తెలిసిన పద్యాన్ని కొత్త గొంతులో వినడానికే ఇంతమంది నిద్ర మానుకుంటారు. రాసిన ఇద్దరిలో ఒకరు పోయి నూరేళ్లు దాటింది, రెండో ఆయన పోయి డెబ్భై అయిదేళ్లు నిండాయి. అయినా తిరుపతి వేంకట కవుల పద్యాలు ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా నోళ్లలో నానుతున్నాయి. ఎందుకని అడిగితే నేను ముందుగా ఈ ముగ్గురు కృష్ణుల ఏర్పాటునే చూపిస్తాను. ఆ పద్యం ఏ ఒక్క గొంతుకూ సొంతం కాలేదు. అందువల్లే ప్రతి తరమూ దాన్ని తన గొంతుతో మొదటి నుంచి మొదలుపెట్టగలిగింది.

ఈ జంట మన నేల మీద పుట్టినదే. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో యండగండిలో పుట్టారు. ఆకివీడు దాటి ఉండి వైపు వెళ్తే వచ్చే ఊరది, కొల్లేటికి ఇవతలి మాగాణి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో గోదావరికి అవతల కడియంలో పుట్టారు. ఇద్దరినీ కలిపింది చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చేసిన శుశ్రూష. ఆయన పాఠం చెప్పిన కడియెద్ద తాడేపల్లిగూడెం పక్క పల్లె. వ్యాకరణం చదువుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లిద్దరూ పొత్తు కలిపి శతావధానాలు మొదలుపెట్టారు. ఊరూరా, సంస్థానం సంస్థానం తిరిగారు. వందమంది అడిగిన వంద ప్రశ్నలకు వంతులవారీగా పద్యాలు అల్లి, చివరికి అన్నిటినీ వరసగా అప్పగించే విద్య అది. గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి ఆస్థానాల్లో మన్ననలు పొందారు. పోలవరం జమీందారు ఆదరణలో ఉన్నారు. తోటి కవులతో పత్రికల్లో పద్యాలతోనే తగవులాడారు, ఆ తగవుల సంపుటానికి గీరతం అని పేరు పెట్టారు. మీసాలు పెంచి, అది తమ కవిత్వానికి విసిరిన సవాలని చెప్పుకున్నారు. పండితులకు మీసాలేమిటని ముక్కున వేలేసుకున్న కాలంలో ఆ ధీమా జనానికి భలే నచ్చింది. ఎవరు ఏ పద్యం రాశారో బయటికి చెప్పకూడదని పెట్టుకున్న కట్టుబాటు చివరిదాకా నిలబెట్టుకున్నారు. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా వేంకటశాస్త్రి జంటపేరుతోనే రాశారు. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను ఆస్థానకవిని చేసింది. 1950 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

ఇంగ్లండులోని లివర్‌పూల్ కుర్రాళ్ల బృందం బీటిల్స్ ముచ్చట తెలిసినవాళ్లకు ఇందులో చాలా పోలికలు కనిపిస్తాయి. అక్కడా జంటపేరే. లెనన్, మెకార్ట్నీలలో పాట ఎవరు కట్టినా ఇద్దరి పేరూ వేసుకునేవారు. అక్కడా ఊరూరా తిరుగుడే, జుట్టు పెంచినందుకు పెద్దల కోపమే. 1970లో వాళ్లు విడిపోయారు. 1980లో లెనన్, 2001లో హారిసన్ పోయారు. అయినా 2023లో లెనన్ పాత టేపులోంచి యంత్రం సాయంతో గొంతును విడదీసి కొత్త పాటగా విడుదల చేస్తే మనవల తరం కూడా విన్నది. అంతకాలం నిలవడం గొప్ప సంగతే. కానీ అక్కడ నిలిచినది ఒక ధ్వని. ఆ నాలుగు గొంతులు, ఆ గిటార్లు, ఆ స్టూడియోలో ఆ రోజు పట్టిన ఆ ధ్వని. ఆ పాటలను ఇతరులు వేలసార్లు పాడారు, అయినా అవన్నీ అసలుకు నకళ్లుగానే లెక్కకు వస్తాయి. అందుకే చనిపోయిన మనిషి గొంతునే టేపులోంచి తవ్వి తీయవలసి వచ్చింది. తిరుపతి వేంకట కవుల పద్యాలకు అలాంటి అసలు రికార్డు ఏదీ లేదు. వాళ్లు రంగస్థలం మీద కృష్ణుడి వేషం కట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు కారు. వాళ్ల గొంతు విని ఎవరూ ఆ పద్యాలను ప్రేమించలేదు. నూరేళ్ల కిందట మొదట పాడిన నటుడిదీ, నిన్న రాత్రి పాడిన నటుడిదీ ఒకే హోదా. ఇక్కడ నకలు అనే మాటకే చోటు లేదు.

మంచి కవిత్వం కాబట్టి నిలిచింది, ఇంకా కారణాలు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మంచి కవిత్వమే, కాదనను. కానీ దానితోనే సరిపెట్టుకుంటే ఒక గట్టి సాక్ష్యాన్ని పక్కన పెట్టినట్టవుతుంది. ఆ ఇద్దరే శ్రవణానందం రాశారు, పాణిగృహీత రాశారు, బుద్ధచరిత్ర రాశారు, దేవీభాగవతాన్ని తెలుగు చేశారు. పాండిత్యంలో, ధారలో అవి నాటకాలకు తీసిపోయేవి కావు. తీరిక చేసుకుని చదివిన సాహిత్య విద్యార్థులు కొన్నిచోట్ల వాటినే పైమెట్టున పెడతారు. ఇవాళ భీమడోలు సెంటర్లోనో కైకలూరు బస్టాండులోనో ఆగి అడిగితే శ్రవణానందం పద్యం ఒక్కటి చెప్పగలవాళ్లు ఎంతమంది దొరుకుతారు? అదే ఈ రాయబారం ఉన్న వాళ్ల పాండవోద్యోగం నాటకంలోని పద్యం అడిగితే పాన్‌షాపు ముందు నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. చెయ్యి అదే, చదువు అదే, కాలమూ ఇంచుమించు అదే. కావ్యాలు బీరువాల్లో మిగిలాయి, పాండవ నాటకాలు గొంతుల్లో తిరిగాయి. తేడా కవి ప్రతిభలో లేదు కాబట్టి, ఆ పద్యాలు జనానికి చేరిన దారిలోనే వెతకాలి.

ఆ దారిలో మొదటి మలుపు పద్యం నడకలోనే ఉంది. మనం పద్యాన్ని బందోబస్తుగా కట్టిన కోట అనుకుంటాం. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. ఉత్పలమాలకు పదో అక్షరం దగ్గర యతి, శార్దూలానికి పదమూడో అక్షరం దగ్గర, మత్తేభానికి పద్నాలుగో అక్షరం దగ్గర. ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే జ్ఞాపకానికి అవే కొక్కేలు. అక్షరం రాని మనిషి కూడా పద్యం మధ్యలో తడబడితే ప్రాసాక్షరం చెయ్యందించి తర్వాతి పాదంలోకి లాక్కుపోతుంది, మాట తప్పితే యతి దగ్గర చెవికే తెలిసిపోతుంది. సంతకం చెయ్యడం రానివాళ్లు శార్దూల విక్రీడితాన్ని పొల్లు పోకుండా పాడిన దేశం మనది. అయితే ఛందస్సు అక్షరాలను కట్టింది గానీ కాలాన్ని కట్టలేదు. నాటక పద్యానికి తాళం లేదు. పాటకు తాళం ఉంది కాబట్టి పదిమంది పాడినా ఒకే అడుగులో నడవాలి. పద్యంలో పాడేవాడు ఎక్కడ ఆగాలంటే అక్కడ ఆగుతాడు, ఏ మాట మీద రాగం తీయాలంటే దాని మీద తీస్తాడు. ఒకే పద్యాన్ని మోహనలో ఎత్తుకుంటే ఒక కృష్ణుడు, హిందోళంలో ఎత్తుకుంటే ఇంకో కృష్ణుడు. మాట ఒక్కటీ మారదు, వినిపించేది ప్రతిసారీ కొత్తది. మారకూడనిదాన్ని ఛందస్సు పట్టుకుంది, మారవలసినదాన్ని గొంతుకు వదిలేసింది. ఈ రెండూ ఒకేచోట కుదరడం అరుదు. జానపద గీతంలో మాట కూడా మారిపోతుంది, రికార్డు పాటలో స్వరం కూడా బిగుసుకుపోతుంది.

రెండో మలుపు మాటల్లో ఉంది. వ్యాకరణ పండితులై ఉండి ఈ ఇద్దరూ నాటకంలో ఇళ్లలో మాట్లాడుకునే తెలుగును నమ్మారు. పడక సీనే చూడండి. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు వస్తారు. ఒకరు తలాపున, ఒకరు కాళ్ల దగ్గర. కృష్ణుడు లేచి మొదట చేసే పని ఏమిటి? ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని మనం ఎలా పలకరిస్తామో అలాగే వరస కలిపి పలకరిస్తాడు, ఎప్పుడు వచ్చారని, ఇంటిల్లిపాదీ కులాసాయేనా అని పేరుపేరునా అడుగుతాడు. మహాభారత యుద్ధానికి ముందు జరిగిన అంత పెద్ద రాజకీయం గోదావరి జిల్లా అరుగు మీద కుశల ప్రశ్నగా మొదలవుతుంది. ఆ పద్యం అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు, అల్లుడో బావమరిదో ఇంటికి వచ్చి ఉంటే చాలు. రాయబారం పద్యాల్లోనూ అంతే. బెదిరింపు, బుజ్జగింపు, ఎత్తిపొడుపు అన్నీ పంచాయతీలో పెద్దమనిషి నోట వినపడే వరసలోనే సాగుతాయి. ఈ తెలుగు పాతబడలేదు, ఎందుకంటే చుట్టరికాలు పాతబడలేదు.

ఇక మూడోది, నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చేది, నాటకం ఆడించే పద్ధతి. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో కాంట్రాక్టరు ఒక్కో వేషానికి ఒక్కో ఊరి నుంచి నటుణ్ణి పిలిపించేవాడు. ధర్మరాజు ఒక జిల్లా, అర్జునుడు ఇంకో జిల్లా, కృష్ణులు ముగ్గురూ మూడు దిక్కులు. సాయంత్రం రైలు దిగి, రంగు పూసుకునే చోట ఒకరినొకరు చూసుకుని, రిహార్సలు లేకుండా రాత్రి నాటకం ఆడేసేవారు. ఇది సాధ్యమైందంటే నాటకం పుస్తకంలో లేదు, వాళ్లందరి నోళ్లలో ఉమ్మడి ఆస్తిగా ఉంది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి.సుబ్బారావు వంటి కృష్ణులు, ధర్మరాజుగా అద్దంకి శ్రీరామమూర్తి, ఈలతో పద్యాన్ని ఊది చూపిన కళ్యాణం రఘురామయ్య, వీళ్లంతా ఒకే పద్యాలను తమ తమ దస్తూరీలో రాసినట్టు పాడారు. జనం ఊరికే వినలేదు. వన్స్‌మోర్ అన్నారు. అంటే నటుడు పాడిన పద్యమే మళ్లీ పాడాలి, కానీ అదే రాగంలో పాడితే ఊరుకునేవారు కాదు. చదివింపులు రంగం మీదికి వచ్చేవి. గ్రామఫోను రికార్డులు వచ్చాక పెళ్లిపందిట్లో, జాతరలో మైకుసెట్టు ఆ పద్యాలనే ఊరంతటికీ వినిపించింది. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక పొలం గట్టుకీ, చేపల చెరువు కాపలా గుడిసెకీ చేరాయి. చేపల చెరువుల కాలం తర్వాత వచ్చినదే, కానీ కాపలా రాత్రి పొడుగు, పద్యం పొడుగూ ఒకదానికొకటి బాగా అతికాయి.

దీనికి మొదటి అభ్యంతరం భక్తిపరుల నుంచి వస్తుంది. ఇదంతా భారతం మహిమ, కృష్ణుడి మహిమ, కవులదేముంది అంటారు. భారతకథ మీద నాటకాలు రాసినవాళ్లు ఈ ఇద్దరే అయితే ఒప్పుకుందును. ఆ రోజుల్లో పౌరాణిక నాటకం రాయని కవి తక్కువ, కృష్ణుడు లేని నాటకం తక్కువ. వాటిలో ఎన్ని మిగిలాయి? అంతెందుకు, ఈ నాటకాలకు ముడిసరుకు తిక్కన ఉద్యోగపర్వమే. తిక్కన ఈ జంట కంటే ఎంతో పెద్ద కవి, ఆ మాట వాళ్లే ముందు అంటారు. కానీ తిక్కన పద్యం పురాణ కాలక్షేపంలో, తరగతి గదిలో వినపడుతుంది, రిక్షా తొక్కే మనిషి నోట పాండవోద్యోగమే పలుకుతుంది. కొల్లేటిలోకి బుడమేరు నీరు తెస్తుంది, తమ్మిలేరు తెస్తుంది, ఇంకా ఎన్నో వాగులు తెస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. కథ ఎన్ని దారుల్లో వచ్చి చేరినా, జనం నోటికి పోయే దారి తవ్వింది ఈ నాటకాలు.

రెండో అభ్యంతరం సినిమా గురించి. 1960లో శ్రీకృష్ణరాయబారం సినిమా వచ్చింది, 1967లో శ్రీకృష్ణావతారంలో ఎన్.టి.రామారావు మీద ఘంటసాల గొంతులో ఈ పద్యాలు మోగాయి, ఇవాళ కుర్రాళ్లకు తెలిసింది అవే, నాటకం కాదు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. కొల్లేటికి నైరుతిన గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరంలో సంగీతం చదువుకుని వచ్చిన ఘంటసాల నాటక పద్యానికి కొత్త అచ్చు పోశారు. సాగతీత తగ్గించి, భావం చెడకుండా, ప్రతి అక్షరం ముత్యంలా పలికారు. ఆ అచ్చు ఎంత బలమైనదంటే తర్వాత రంగస్థలం మీద పాడినవాళ్లు కూడా దానికి లోబడి పాడవలసివచ్చింది, లేదా కావాలని దానికి భిన్నంగా పాడవలసివచ్చింది. అయితే సినిమావాళ్లు ఈ పద్యాలను ఎందుకు తీసుకున్నారు? కొత్త పద్యాలు రాయగల దిట్టలు వాళ్ల దగ్గర లేకనా? హాల్లో కూర్చున్న జనం మొదటి మాట వినగానే మిగతాది తామే అందుకుంటారని తెలుసు కాబట్టి. సినిమా ఈ పద్యాలకు ఆయుష్షు పోయలేదు, ఉన్న ఆయుష్షును వాడుకుంది. బదులుగా నాటకం చేరని పట్నాలకు, సముద్రాల అవతలి తెలుగువాళ్లకు తీసుకెళ్లింది. అది చిన్న సాయం కాదు. కానీ ఘంటసాల పాడిన పద్యం మాత్రం బీటిల్స్ పాట లాంటిదే అయిపోయింది, అసలు ఒకటి ఏర్పడింది, మిగతావి దానికి నకళ్లుగా వినిపించడం మొదలైంది. ఘంటసాలను ఎంత ప్రేమించినా ఈ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం నాటకాన్ని ప్రేమించినవాళ్ల నుంచే వచ్చింది. గొంతుకు ఇంత స్వేచ్ఛ ఇచ్చారు, గొంతు నాటకాన్నే మింగేసింది అంటారు. ఒక్క పద్యానికి పావుగంట రాగం. పక్కన నిలబడ్డ పాత్రధారి చేతులు కట్టుకుని చూస్తుంటాడు. సన్నివేశం ఆగిపోతుంది. పాట కాదు, నటన ముఖ్యమని బళ్ళారి రాఘవ వంటివారు ఆ రోజుల్లోనే గట్టిగా నిలబడ్డారు. మన ఏలూరులోనే బందా కనకలింగేశ్వరరావు ఉన్నారు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో 1907లో పుట్టి, ఏలూరులో వకీలుగా పనిచేస్తూ, ప్రభాత్ థియేటర్ పెట్టి, నాటకాన్ని ఒక క్రమశిక్షణ గల కళగా నిలబెట్టడానికి పాటుపడిన మనిషి ఆయన. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం కోసం కూడా చెమటోడ్చారు. అంత శ్రద్ధ ఉన్నవాళ్లు కాంట్రాక్టు నాటకాల తీరు చూసి బాధపడి ఉంటే ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. పైగా స్వేచ్ఛ ఎంతదూరం చెడగొట్టగలదో చింతామణి చూపించింది. వీరవాసరం దగ్గర మత్స్యపురిలో పుట్టిన కాళ్ళకూరి నారాయణరావు వేశ్యా వ్యసనాన్ని ఖండించడానికి రాసిన నాటకం అది. ఊరూరా ఆడేవాళ్లు సుబ్బిశెట్టి పాత్రకు తమకు తోచిన బూతులు కలుపుకుంటూ పోయారు. చివరికి ఒక కులాన్ని కించపరుస్తోందన్న ఫిర్యాదు మీద 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. కవి రాసినదానికీ, నిషేధానికి గురైనదానికీ మధ్య వందేళ్ల నోటి కల్తీ ఉంది.

ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నంత మేరకు చెబుతాను. చింతామణిలో చెడింది ఎక్కడ? వచనంలో. పద్యాల్లో కల్తీ జరగడం కష్టం, ఒక అక్షరం అటూ ఇటూ అయితే యతి పట్టిస్తుంది, ప్రాస పట్టిస్తుంది, చాపల మీద కూర్చున్న ముసలాయన పట్టిస్తాడు. వచనానికి ఆ కాపలా లేదు. పాండవ నాటకాల బలం పద్యాల్లో ఉంది కాబట్టి అవి ఎంతమంది నోళ్లలో పడ్డా మాట చెడకుండా బయటపడ్డాయి. రాగం సాగదీత సంగతి వేరు. అది నిజంగానే నాటకాన్ని దెబ్బతీసింది. కానీ ఆ రాగం వినడానికి వచ్చిన జనమే పద్యాన్ని కంఠతా పట్టి ఇంటికి తీసుకెళ్లారు. సన్నివేశం ఆగిపోయిన ఆ పావుగంటలోనే పద్యం వాళ్ల లోపల నాటుకుంది. నాటకానికి అది నష్టం, పద్యానికి లాభం. రెండూ ఒకేసారి నిజం కావడం నాకు ఇబ్బందిగా ఉన్నా, దాచడం సరికాదు.

ఇక అందరూ అనే మాట, ఇదంతా ముసలివాళ్ల ముచ్చట, వాళ్లతోనే పోతుంది అని. జాతరల్లో పద్యనాటకం చోటును సినిమా పాటల ఆర్కెస్ట్రాలు తీసుకున్నాయి, రాత్రంతా కూర్చునే ఓపిక ఎవరికీ లేదు, పిల్లలకు ఛందస్సు పాఠం పరీక్ష కోసమే. ఇవన్నీ కళ్లెదుట కనిపిస్తున్నవే. కానీ ఈ మాట వయసు కూడా చూడాలి. ఏ తరాన్ని కదిపినా, తమ చిన్నప్పటి కృష్ణుడు పోయాక ఇక కృష్ణుడు లేడనే అంటుంది. ఒక ఇంట్లో తాతకు షణ్ముఖి కృష్ణుడైతే, తండ్రికి ఇంకెవరో, కొడుకుకు ఘంటసాల గొంతు తొడుక్కున్న రామారావు కృష్ణుడు. తాత దృష్టిలో కొడుకు వినేది కృష్ణుడే కాదు. కానీ ముగ్గురూ ఒకే పద్యాన్ని తలుచుకుంటున్నారు. పాట పోయిందన్న ప్రతి విలాపం వెనకా తన గొంతు పోయిందన్న బాధ ఉంది, పద్యం మాత్రం ఇంకో గొంతులోకి మారింది. ఇవాళ అది యూట్యూబులో పాత ఆడియోల రూపంలో, పరిషత్తు పోటీల్లో పదేళ్ల పిల్ల పాడే పద్యం రూపంలో, నంది నాటకోత్సవాల్లో పద్యనాటక విభాగం రూపంలో తిరుగుతోంది. ఆ తిరుగుడు పల్చబడింది, ఒప్పుకుంటాను. ఆగిందని మాత్రం ఒప్పుకోను.

ఒక్క విషయం మాత్రం నన్ను బాధిస్తుంది. పద్యం పాడేవాళ్లలో చాలామందికి రాసినవాళ్ల పేరు తెలియదు. బీటిల్స్ అభిమానికి నలుగురి పుట్టినరోజులూ తెలుస్తాయి. యండగండి పక్క ఊరి కుర్రవాడు పడక సీను పద్యం ఎత్తుకుని కూడా అది ఎవరిదో చెప్పలేకపోవచ్చు, కడియెద్ద మీదుగా రోజూ తాడేపల్లిగూడెం కాలేజీకి వెళ్లే పిల్లకు ఆ ఊరి పేరు బస్సు స్టాపుగానే తెలిసి ఉండవచ్చు. ఎవరిదో తెలియకపోవడం పద్యం అందరిదీ అయినందుకు చెల్లించిన ధర అని సమాధానపడవచ్చు. నేను పూర్తిగా సమాధానపడలేను. ఎవరు ఏ పద్యం రాశారో చెప్పకూడదని వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు ఇద్దరి మధ్యది, ఇద్దరినీ మనం మరిచిపోవడానికి ఇచ్చిన అనుమతి కాదు.

అయినా శ్రద్ధ ఎక్కడ పెట్టాలని అడిగితే విగ్రహాల దగ్గర, పుస్తకాల పునర్ముద్రణ దగ్గర ఆగిపోవద్దంటాను. అవి కావాలి, కానీ పద్యం వాటిలో బతకలేదు. అది గొంతులో, గొంతు పక్కన హార్మోనియంలో బతికింది. తాళం లేని పద్యానికి హార్మోనియం వాయించడం చిన్న పని కాదు. నటుడు ఎక్కడ ఆగుతాడో, ఏ మాట దగ్గర స్వరం విరుస్తాడో, వన్స్‌మోర్ అనగానే ఏ రాగంలోకి దూకుతాడో ముందే పసిగట్టి, అతనికి ఒక అడుగు వెనకగా, అవసరమైనప్పుడు ఒక అడుగు ముందుగా వేళ్లు నడపాలి. రిహార్సలు లేకుండా ముగ్గురు కృష్ణులను ఒకే రాత్రి గట్టెక్కించిన మనిషి ఆ హార్మోనిస్టే. అతని పేరు కరపత్రం మీద అడుగున పడేది. పాడాలనుకునే కుర్రవాడికి నటన నేర్పేవాళ్లు ఇంకా దొరుకుతారు, పద్యాలు ఫోనులోనే దొరుకుతాయి. తనతో పాటు ఆగి, తనతో పాటు సాగే హార్మోనియం మాత్రం ఫోనులో దొరకదు. ఏలూరు వై.ఎం.హెచ్.ఎ. హాల్లో పోటీలు పెట్టేవాళ్లు, ఊరి జాతరకు చందా వేసేవాళ్లు, కృష్ణుడికి ఇచ్చే పారితోషికంలో సగమైనా ఒక కుర్ర హార్మోనిస్టుకు ఏడాది పొడుగునా ఇచ్చి, పాత హార్మోనిస్టు పక్కన కూర్చోబెట్టగలిగితే, తర్వాతి తరం నాలుగో కృష్ణుణ్ణి తానే వెతుక్కుంటుంది.